ఊపిరాపండి గారి డైలాగు

మా బావగారిని ఆసుపత్రిలో ఎవరూ పేరు పెట్టి పిలిచేవాళ్లు కాదు. "ఊపిరాపండి గారు" అనేవాళ్లు. ఎక్స్‌రే గదిలో ఆయన రోజంతా చెప్పేవి మూడే మాటలు. ఊపిరి పీల్చండి, ఆపండి, వదలండి. ఆ మూడూ ఆయన చెప్పే తీరుకి, డాక్టరు మాట కూడా లెక్కచేయని మొండి ముసలాళ్లు బడిపిల్లల్లా నిటారుగా నిలబడేవారు. ఇంటికొస్తే ఆ మూడు మాటలూ ఉండేవి కావు. "మాట్లాడితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయని భయం ఈయనకి" అనేది మా తోడికోడలు. ఆవిణ్ణి నేను అక్క అంటాను.

మనిషి పొడుగు. కిరణాలు తగలకుండా వేసుకునే సీసపు ఏప్రన్ ఏళ్ల తరబడి మోసి భుజాలు ముందుకి వంగిపోయాయి. ఎవరైనా కొత్తవాళ్లు కనబడితే ముందు మొహం చూడరు, ఛాతీ చూస్తారు. మా పెళ్లిచూపుల్లో కూడా అంతే. ఈయనకేదో తేడా ఉందని మా అమ్మ భయపడింది. "ఎముకల పుష్టి బాగుంది" అని మా ఆయనతో అన్నారట, సంబంధం ఖాయం చేస్తూ.

అలాంటి మనిషికి ఒక భాష పిచ్చి ఉందంటే మీరు నమ్మరు. పోనీ అది ఈ భూమ్మీద భాషా అంటే అదీ కాదు. టీవీలో అంతరిక్షం కథల్లో కనిపించే, నుదుటి మీద గట్లు గట్లుగా ఎముకలున్న యోధుల భాష. క్లింగాన్ అంటారు. ఎవరో పండితుడు కూర్చుని దానికి నిజంగానే వ్యాకరణం కట్టాడట, నిఘంటువు రాశాడట. బావగారు చదువుకునే రోజుల్లో పాత పుస్తకాల గుట్టలో అట్ట ఊడిపోయిన ఆ నిఘంటువు దొరికింది. అప్పటికి మా ఆయన స్కూల్లో ఉన్నారు. అన్న నేర్చుకుంటే తమ్ముడు ఊరుకుంటాడా? ఇద్దరూ గొంతులు చించుకుని నేర్చుకున్నారు. "కూడు పెట్టని చదువు" అని మామగారు ఆ పుస్తకాన్ని రెండుసార్లు అటక మీదకి విసిరేశారని చెప్తారు.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో అన్నదమ్ములిద్దరూ వరండాలో కూర్చుని గొంతులు ఖాకరిస్తుంటే జలుబు చేసిందనుకున్నాను. పాపమని వేడినీళ్లు కాచి తెచ్చి ఆవిరి పట్టమన్నాను. మా అత్తగారు నవ్వీ నవ్వీ మంచం మీద కూలబడింది. వాళ్లప్పుడు కవిత్వం చెప్పుకుంటున్నారట.

మా ఆయన నాకూ నేర్పాలని చూశారు. అందులో ముందు కర్మ వస్తుందట, తర్వాత క్రియ, ఆఖర్న కర్త. "గోడని గుద్దింది లారీ" అన్నట్టు. క్రియకి తోకలు తగిలించుకుంటూ పోవడం మన "చెప్పించలేకపోయాడు" లాంటిదే. అంతవరకూ బాగానే ఉంది. పలకరింపు దగ్గరే నాకు చిరాకెత్తింది. ఇంటికొచ్చినవాళ్లని "బాగున్నారా" అనరట, "ఏం కావాలి" అని అడుగుతారట. వరసలు కూడా అంతంత మాత్రమే. అన్నకీ తమ్ముడికీ కలిపి ఒకటే మాట. పెద్దా చిన్నా తేడా లేదు. ఇదేం భాషండీ, ఇందులో కోడలన్నది ఎలా బతుకుతుంది అని అడిగి అక్కడితో ఆపేశాను.

ఆ భాష వాళ్లకి సరదాగా ఉన్నంతకాలం బాగానే ఉంది. అది అవసరంగా మారిన రోజు నుంచే మా ఇంటికి దరిద్రం పట్టుకుంది.

మా అత్తగారికి దగ్గు వచ్చింది. ఎన్నాళ్లకీ తగ్గకపోతే బావగారే తన గదికి తీసుకెళ్లి ఎక్స్‌రే తీశారు. ఫిల్మ్ చూసి, "పాత మచ్చ అమ్మా, ఏం లేదు" అన్నారు. ఆవిడ కొడుకు మాట నమ్మి హాయిగా ఇంటికొచ్చింది. అలమరాలు సర్దుకుంది, పక్కింటావిడతో పోట్లాడింది, నా కుట్టు బాగోలేదని వంకలు పెట్టింది. ఆ రోజుల్లో మా ఆయన పనిచేసే కళ్లద్దాల దుకాణం వాళ్లు ఇంకో ఊళ్లో కొత్త శాఖ తెరుస్తూ, అద్దాలు అరగదీసే పని అక్కడి కుర్రాళ్లకి నేర్పమని ఈయన్ని పంపారు. అమ్మ బాగానే ఉందిగా అని వెళ్లారు. తిరిగి రమ్మని కబురు వెళ్లి, ఈయన బస్సు దిగేసరికి ఆవిడ మాట పడిపోయింది. కొడుకుని చూసింది కానీ గుర్తుపట్టలేదు.

అంతా అయిపోయాక మా ఆయన అడిగింది ఒకటే.

"నీకెప్పటినుంచి తెలుసు?"

"ఫిల్మ్ తీసిన రోజు నుంచి" అన్నారు బావగారు. "చేసేదేం లేదురా. ఉన్నన్నాళ్లు నిశ్చింతగా ఉంటుందని..."

"నాకు చెప్తే నేను ఊరెళ్లేవాణ్ణి కాదు."

"నీకు చెప్తే నీ మొహంలో అమ్మకి కనపడేది."

మా ఆయన లేచి వెళ్లిపోయారు. ఆ తర్వాత అన్నతో మాట్లాడలేదు. ఎవరిది తప్పంటే నేను చెప్పలేను. ఇద్దరి మీదా నాకు కోపమే. ఒకే కడుపున పుట్టి, ఒకే మేడలో పైనా కిందా కాపురాలు ఉంటూ, మెట్ల మీద ఎదురుపడితే ఒకరు గోడనీ ఇంకొకరు కిటికీనీ చూసేవారు. "వదినా, మోటారు ఆపమని చెప్పు" అనేవారు మా ఆయన, మోటారు స్విచ్చి దగ్గరే అన్న నిలబడి ఉంటే. "ఆపానని చెప్పు" అనేవారు ఆయన. మధ్యలో అక్కా నేనూ తంతితపాలా ఉద్యోగం చేసేవాళ్లం, జీతం లేకుండా. మా ఆయన నోట మళ్లీ "అన్నయ్యా" అన్న మాట వినాలన్నదే మా ఇద్దరి కోరికా. వేరే కోరికలు మాకూ ఉండేవి కానీ వాటిని ఈ కోరిక వెనక్కి నెట్టేసింది.

అప్పుడు వచ్చాడు డ్రాయింగు మాస్టారు. ఆయనకి నాటకాల పిచ్చి. మామూలు భాషలో వేసిన నాటకాలకి జనం రావడం లేదు, క్లింగాన్‌లో వేస్తే వింత చూడ్డానికైనా వస్తారని ఆయన లెక్క. తెర మీద అర్థాలు పడతాయి, స్టేజీ మీద ఆ భాష వినబడుతుంది. మాటలు రాయడానికి మనిషి కావాలని మా ఆయన్ని అడిగాడు, బావగారినీ అడిగాడు. రెండోవాడుంటే నేను రానని ఇద్దరూ అన్నారు. మూడోవాడు ఊళ్లో ఉంటే కదా. చివరికి ఇద్దరూ వెళ్లారు.

టైర్ల కొట్టు మీద గది వాళ్ల రిహార్సలు గది. ఎప్పుడూ రబ్బరు వాసన. ఆదివారం పొద్దున్నే కిటికీ పక్క బల్లకి అటొకరు ఇటొకరు కూర్చునేవారు. నేను ఓ మూల స్పాంజి ముక్కలు కత్తిరించి, జిగురు పూసి, నుదుటి గట్లు తయారుచేసేదాన్ని. అన్నదమ్ములు చిన్నప్పుడు పెట్టుకున్న నియమం అక్కడ మళ్లీ అమల్లోకి వచ్చింది. బల్ల దగ్గర కూర్చున్నంతసేపూ క్లింగాన్ తప్ప ఇంకో మాట మాట్లాడకూడదు. మాట్లాడినవాడు కప్పులు కడగాలి. వాళ్ల పని పద్ధతి కూడా అదే. రాసిన ప్రతి డైలాగునీ ఒకరు ఎదుటివాడి మొహం మీద చెప్పాలి. రెండోవాడు విని, బాగుందనో, పొడుగైందనో, మళ్లీ అనో తీర్పు చెప్పాలి. కాగితం మీద ఎంత బాగున్నా నోట్లో ఇమడకపోతే అది డైలాగు కాదనేవారు బావగారు.

ఆ విధంగా మా ఆయన అన్నతో మాట్లాడడం మొదలుపెట్టారు. గంటల తరబడి వాదించుకునేవారు. నాటకంలో కాపలావాడు కుర్రవాడు కాబట్టి వాడికి కొత్త యాస పెట్టాలా, సేనాపతి ఆజ్ఞల్లో ముందు తోకా వెనక తోకా కత్తిరించి సైన్యం పద్ధతిలో ముక్కలుగా చెప్పించాలా, తిట్టుకి పాత తిట్టు వాడాలా కొత్త తిట్టు వాడాలా అని. బల్లలు గుద్దుకునేవారు. ఒక్కోసారి నవ్వుకునేవారు కూడా. ఈ అడ్డదారినైనా అసలు దారికి వస్తార్లే అని అక్కా నేనూ ఆశపడ్డాం. రిహార్సలు అయిపోయి మెట్లు దిగగానే మళ్లీ ఒకరు గోడని, ఇంకొకరు రోడ్డుని చూసేవారు. ఏడాదికో నాటకం చొప్పున అలాగే గడిచిపోయింది. అన్నయ్యా అనక్కర్లేని భాష దొరికితే మా ఆయన అన్నయ్యా అని ఎందుకంటారు? నా బుద్ధికి అది ముందే తట్టాల్సింది.

ఆఖరి నాటకంలో ఒక ముసలి యోధుడు ఉన్నాడు. యుద్ధం ఓడిపోయి సొంత కోట గుమ్మం దగ్గరికి వస్తాడు. కాపలావాడు లోపలికి రానివ్వడు. నాటకమంతా గుమ్మం దగ్గరే. ముసలి యోధుడి వేషం బ్యాంకు క్యాషియరుది. గొంతు పెద్దది, బుర్ర చిన్నది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా మన అక్షరాల్లో రాసుకుని చిలకలా అప్పగించేవాడు.

ఆ ముసలివాడు ఎలా మాట్లాడాలన్న దాని మీద అన్నదమ్ములకి పెద్ద గొడవ. సైనికుడు చచ్చేదాకా సైనికుడే, ముక్కలుగానే మాట్లాడతాడని మా ఆయన. కాదు, అన్నీ పోయినవాడు తొందరపడడు, ప్రతి తోకా తగిలించి నిండుగా మాట్లాడతాడని బావగారు. ఇంటికొచ్చాక కూడా మా ఆయన నాతో అదే గోల. పైన బావగారు అక్కతో అదే గోల. వారాల తరబడి ఎవరూ తగ్గలేదు.

చలి మొదలైన ఒక ఆదివారం. నేను ఫ్లాస్కులోంచి టీ పోస్తున్నాను. బావగారు బల్ల దగ్గర కాగితం బోర్లా పెట్టి, మా ఆయన కళ్లలోకి చూస్తూ ఒక డైలాగు చెప్పారు. పొడుగ్గా ఉంది. మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకున్నారు. మా ఆయన కళ్లు మూసుకుని విన్నారు, శ్రద్ధగా వినేటప్పుడు ఆయన కళ్లు మూసుకుంటారు. విని, తల అడ్డంగా ఊపి, ఆ భాషలో ఏదో అన్నారు. బావగారు తన టీ కప్పు పక్కకి జరిపారు. తర్వాత అదే మాట చిన్నగా చేసి చెప్పారు. మా ఆయన మళ్లీ ఏదో అన్నారు. బావగారు ఇంకా చిన్నది చేశారు. రెండు ముక్కలు మిగిలాయి. మా ఆయన బల్ల మీద చరిచి, బాగుందన్నట్టు బొటనవేలు చూపించారు.

ఇంటికొస్తూ ఆయన మహా హుషారుగా ఉన్నారు. "మొత్తానికి నా దారికొచ్చాడు" అన్నారు. "ముసలాడి డైలాగు ముక్కలు చేయడానికి ఒప్పుకున్నాడు. వాదించను కూడా లేదు."

నాకేం తెలుసు. గెలిచారు కదా అని నేనూ సంతోషించాను.

తర్వాత బావగారు మెట్లెక్కుతూ మా గుమ్మం ముందు ఆగడం మొదలుపెట్టారు. నేను తలుపు తీస్తే, "చెప్పులో రాయమ్మా" అనేవారు. రోజూ చెప్పులో రాయే. ఒళ్లు తగ్గింది. అక్క అడిగితే పళ్లు బాగోలేవని చెప్పారట.

ఆయన పడిపోయింది ఎక్స్‌రే గదిలోనే. ఎవరో లావుపాటి పెద్దాయన్ని నిలబెట్టి, ఊపిరి పీల్చండి అన్నారు, ఆపండి అన్నారు. ఆపైన మాట లేదు. ఆ పెద్దాయన ఊపిరి బిగబట్టి అలాగే నిలబడ్డాడు. ఎంతసేపటికీ వదలమనకపోతే మొహం కందగడ్డలా చేసుకుని వెనక్కి తిరిగి చూశాడు. బావగారు మిషను పక్కన నేల మీద ఉన్నారు.

మేం వెళ్లేసరికి మంచం మీద ఉన్నారు, మొహానికి ఆక్సిజన్ మాస్కు. కుర్ర డాక్టరు మమ్మల్ని పక్కకి పిలిచి రెండు ఫిల్ములు దీపం మీద పెట్టాడు. ఒకటి ఇవాళ్టిది. రెండోది పాతది.

"ఇది ఆయన తనంతట తనే తీయించుకున్నారు, చలికాలం మొదట్లో" అన్నాడు. "అప్పుడే చాలా ముదిరింది. ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు కదండీ. ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని మా అందరి దగ్గరా ఒట్టు వేయించుకున్నారు. తన మనుషులకి తనే చెప్పుకుంటానన్నారు."

"ఎవరికీ చెప్పలేదు బాబూ. నాక్కూడా" అంది అక్క.

మా ఆయన ఆ పాత ఫిల్మ్ వంకే చూస్తున్నారు. తర్వాత వరండాలోకి వెళ్లి బెంచీ మీద కూర్చున్నారు. నేను వెనకే వెళ్లాను.

"నాకు చెప్పాడే" అన్నారు.

"ఎప్పుడు?"

"ఆ ఆదివారం. నువ్వు టీ పోస్తున్నావు. నా ఊపిరితిత్తులు పూర్తిగా పాడైపోయాయి, ఎండలు ముదిరే లోపలే నేను వెళ్లిపోతాను, సోదరా, నీకొక్కడికే చెప్తున్నాను అన్నాడు. ముసలాడి డైలాగనుకున్నాను."

"మీరేమన్నారు?"

"పొడుగైంది అన్నాను. యోధుడు ఇంత ఏడుపుగొట్టుగా చెప్పడు, కత్తిరించు అన్నాను. కత్తిరించాడు. ఇంకా పొడుగే అన్నాను. మళ్లీ కత్తిరించాడు. ఊపిరి అయిపోయింది, వెళ్తున్నా. అంతే మిగిలింది. బాగుంది, ఉంచేద్దాం అన్నాను."

నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. మా ఆయన మీదా, బావగారి మీదా, ఆ నిఘంటువు రాసిన పండితుడి మీదా. తల్లి జబ్బు దాచాడని ఏళ్లపాటు అన్నతో మాటలు మానేసిన మనిషి ఈయన. ఆ అన్న ఈసారి దాచకుండా, పెళ్లానికి కూడా చెప్పకుండా, ముందు ఈయనకే చెప్పాడు. చెప్తే ఈయన డైలాగు బాగోలేదన్నాడు. ఇద్దరికీ తెలిసిన భాష ఇంకోటి లేదా? కప్పులు కడగాల్సి వస్తే వచ్చింది, చేతులు అరిగిపోతాయా?

"లోపలికి వెళ్లండి" అన్నాను. "వెళ్లి అన్నయ్యా అని పిలవండి. ఇంకేం చెప్పక్కర్లేదు."

వెళ్లారు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. బావగారికి మెలకువ వచ్చింది. తమ్ముణ్ణి చూశారు. మా ఆయన నోరు తెరిచారు. పెదవులు కదిలాయి. అన్నేళ్లు పలకని మాట గొంతులో ఎక్కడ ఇరుక్కుందో రాలేదు. ఆఖరికి వచ్చింది ఆ గొంతు ఖాకరింపే. బావగారు మాస్కు కాస్త పక్కకి లాగి, ఆ భాషలోనే ఏదో అడిగారు. ఈయన జవాబు చెప్పారు. ఆయన కళ్లు మూసుకున్నారు.

"ఏమన్నారు?" అని అడిగాను బయటికి రాగానే.

"క్యాషియరుకి డైలాగులు వస్తున్నాయా అని అడిగాడు."

"మీరు?"

"వస్తున్నాయన్నాను." తల వంచుకున్నారు. "రేపు చెప్తానే. రేపు మన మాటల్లో చెప్తాను."

తెల్లారేసరికి బావగారు లేరు.

నాటకం మానేద్దామా అని డ్రాయింగు మాస్టారు వచ్చి అడిగాడు. వెయ్యమంది అక్క. ఆయన చేసిన పని ఇంకేం మిగిలింది, అదైనా చూస్తానంది. "ఎవరికీ చెప్పలేదు చూశావా" అని ఆవిడ ఇప్పటికీ అంటూ ఉంటుంది. బెంగగా మొదలుపెట్టి కొంచెం గొప్పగా ముగిస్తుంది, మొండిమనిషని. నేను నాలుక కరుచుకుని ఊరుకుంటాను. ఒకరికి చెప్పారని తెలిస్తే ఆ మాత్రం గొప్ప కూడా ఆవిడకి మిగలదు.

హాల్లో సగం కుర్చీలు ఖాళీ. అక్కకీ మా ఆయనకీ మధ్య నేను కూర్చున్నాను. స్పాంజి గట్లు అంటించుకుని క్యాషియరు వచ్చాడు. కాపలావాడితో వాదించాడు, తిట్టాడు, బతిమాలాడు. జనం తెర మీద అర్థాలు చదువుకుంటూ అక్కడక్కడ నవ్వారు. మా ఆయన తెర చూడలేదు. ఆయనకి అవసరం లేదు కదా. హాలు మొత్తానికి ఆ మాటలు అర్థమయ్యే మనిషి ఆయన ఒక్కరే.

చివర్లో ముసలి యోధుడు గుమ్మానికి ఆనుకుని కూర్చున్నాడు. కాపలావాడి వంక చూసి ఆ రెండు ముక్కలూ అన్నాడు. క్యాషియరు గొంతు పెద్దదే గానీ ఆ రోజు ఎందుకో చిన్నగా చెప్పాడు. తెర మీద పడింది. ఊపిరి అయిపోయింది. వెళ్తున్నా.

అక్కడ కాపలావాడు జవాబేమీ చెప్పడు, నిశ్శబ్దం ఉండాలి. ఆ నిశ్శబ్దంలో నా పక్కన కుర్చీ చప్పుడైంది. మా ఆయన లేచి నిలబడ్డారు.

"నాకు అర్థం కాలేదన్నయ్యా" అన్నారు.

గట్టిగానే అన్నారు, మన మాటల్లో. ముందు వరసలవాళ్లు వెనక్కి తిరిగారు. స్టేజీ మీద క్యాషియరు కంగారుపడి ఇటు చూశాడు. ఇది కూడా నాటకంలో భాగమే అనుకుని ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, మిగతావాళ్లు అందుకున్నారు. అక్క నా చెయ్యి పట్టుకుంది. ఆయన కూర్చోలేదు, స్టేజీ వంకే చూస్తూ ఇంకోసారి అన్నయ్యా అన్నారు. అక్కా నేనూ ఇన్నేళ్లుగా ఎదురుచూసిన మాట అది. వినడానికి మేమిద్దరమే ఉన్నాం.